మూడు అంకెలకు మూడు లూప్‌లు పెట్టాను, ఎన్ని అంకెలో ముందే తెలియకపోతే ఏం చేయాలి?

కొత్త_అడుగు
అందరికీ నమస్కారం. సీ భాషలో ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టి రెండు నెలలైంది. ఒక లెక్క దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. బేస్ (అంటే ఎన్ని రకాల అంకెలు వాడాలో) ఎంతో, అంకెలు ఎన్నో యూజర్ చెబుతాడు. ఆ బేస్‌లో అన్ని అంకెలతో రాయగలిగిన సంఖ్యలన్నీ వరుసగా ప్రింట్ చేయాలి. బేస్ 3, అంకెలు 3 అని ఇస్తే 000, 001, 002, 010, 011 ఇలా 222 దాకా మొత్తం 27 లైన్లు రావాలి.

మూడు అంకెలకైతే ఒకదానిలో ఒకటి మూడు ఫర్ లూప్‌లు పెట్టాను, చక్కగా వచ్చింది. నాలుగు అంకెలకు నాలుగు లూప్‌లు, ఐదుకు ఐదు. యూజర్ 12 అంటే? ఇప్పటికి ఇఫ్ పెట్టి రెండుకు ఒకటి, మూడుకు ఒకటి, నాలుగుకు ఒకటి విడివిడిగా రాశాను. ఇది పద్ధతి కాదని తెలుస్తోంది, కానీ వేరే దారి తోచడం లేదు. కోడ్ మొత్తం రాసి ఇవ్వకండి, ఎలా ఆలోచించాలో చెబితే చాలు.

శేషం_ఎంత
బండిలో కిలోమీటర్లు చూపించే పాత మీటర్ గుర్తుందా? చక్రాలు ఎన్ని ఉన్నా దాన్ని తిప్పే పద్ధతి ఒక్కటే. కుడి చివరి చక్రం ఒక గడి తిరుగుతుంది. అది 9 దాటి 0కి వస్తే పక్క చక్రాన్ని ఒక గడి నెడుతుంది. అంతే.

మీరు ఒక్కో అంకెకు ఒక్కో లూప్ పెట్టారు. అలా కాకుండా అంకెలన్నీ ఒక అర్రేలో, అంటే వరుస గడుల్లో, పెట్టుకోండి. "ఇప్పుడున్న సంఖ్య తర్వాత వచ్చేది ఏది" అన్న ఒక్క పని చేసే ముక్క రాయండి. బయట ఒకే లూప్ ఉండి ఆ పనిని మళ్లీ మళ్లీ చేయిస్తుంది.

చిన్న_బ్రాకెట్
రికర్షన్‌తో కూడా అవుతుంది. ఒక స్థానం నింపడం, మిగతా స్థానాలు నింపమని తననే తాను పిలవడం. స్థానాలు అయిపోతే ప్రింట్. మీ లూప్‌లో లూప్ సరిగ్గా అదే, కాకపోతే ఎంత లోతుకు వెళ్లాలో ప్రోగ్రామ్ నడిచేటప్పుడు తేలుతుంది.

శేషం_ఎంత
నిజమే. కానీ రెండు నెలల అనుభవానికి మీటర్ పద్ధతే ముందు రావాలని నా అభిప్రాయం. రికర్షన్‌లో పని జరిగిపోతుంది కానీ క్యారీ, అంటే ఒక స్థానం నిండగానే పక్క స్థానానికి పోయే ఒకటి, ఎక్కడా కంటికి కనపడదు. ఈ లెక్కలో నేర్చుకోవాల్సిందే క్యారీ.

కొత్త_అడుగు
ధన్యవాదాలు అండీ. మీటర్ పద్ధతి రాశాను. అర్రేలో 0వ గడిని ఒకట్ల స్థానం అనుకున్నాను. తెలుగులో రాస్తే ఇలా ఉంది:

అంకెలు[0] = అంకెలు[0] + 1
అంకెలు[0] == బేస్ అయితే:
    అంకెలు[0] = 0
    అంకెలు[1] = అంకెలు[1] + 1

బేస్ 3కి వచ్చిన అవుట్‌పుట్:
000
100
200
010
110
210
020
120
220
030
130

రెండు తప్పులు కనిపిస్తున్నాయి. ఒకటి, అంతా తిరగబడి వస్తోంది. రెండు, బేస్ 3లో అసలు ఉండకూడని 3 వచ్చి కూర్చుంది.

బగ్_వేట
తమ్ముడూ, అవుట్‌పుట్ పెట్టి మంచి పని చేశావు. చాలామంది "పని చేయట్లేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు.

తిరగబడటం గురించి ముందు చెబుతాను, అది తేలిక. లెక్కలో తప్పేమీ లేదు. ఒకట్ల స్థానం 0వ గడిలో పెట్టుకోవడం మంచి అలవాటే, స్థానం నంబరూ ఘాతాంకమూ ఒకటే అవుతాయి. 0వ గడి విలువ బేస్ ఘాతం 0, 1వ గడిది బేస్ ఘాతం 1. కాకపోతే మనం కాగితం మీద పెద్ద స్థానాన్ని ఎడమవైపు రాస్తాం. కాబట్టి ప్రింట్ చేసే లూప్ ఒక్కటీ చివరి గడి నుంచి 0కి రావాలి. లెక్క చేసే లూప్‌ను కదపకు.

ఇక ఆ 3. నీ అవుట్‌పుట్‌లో 220 అంటే మన రాతలో 022. దానికి ఒకటి కలుపుదాం. ఒకట్లలో 2కి ఒకటి కలిస్తే 3, అంటే 0 వేసి చేతిలో ఒకటి. ఆ ఒకటి మూడ్ల స్థానంలో కలిస్తే అక్కడా 2 కాస్తా 3 అవుతుంది. అక్కడ కూడా 0 వేసి చేతిలో ఒకటి పట్టుకోవాలి. నువ్వు అది చేయలేదు. ఇఫ్ ఒక్కసారే అడుగుతుంది. క్యారీ ఎన్ని స్థానాలు పాకుతుందో ముందే తెలియదు కాబట్టి ఇక్కడ వైల్, అంటే షరతు నిజమైనంతసేపు తిరిగే లూప్, కావాలి. ఇంకో ఇఫ్ తగిలించావా, మూడు అంకెలకు సరిపోతుంది, నాలుగో అంకెకు మళ్లీ మొదటికొస్తావు. మొదటి పోస్ట్‌లో నువ్వు చెప్పిన ఇబ్బందే ఇది, ఇంకో రూపంలో.

చిన్న మార్పు కూడా సూచిస్తాను. ముందు కలిపి తర్వాత సరిదిద్దడం కాకుండా, కలిపే ముందే చూడు. "ఈ గడిలో ఇప్పటికే పెద్ద అంకె ఉందా?" ఉంటే దాన్ని 0 చేసి పక్క గడికి వెళ్లు. లేని గడి దొరికిన చోట ఒకటి కలిపి ఆగు. ఇలా రాస్తే అర్రేలో ఏ క్షణంలోనూ చెల్లని అంకె ఉండదు.

కొత్త_అడుగు
వచ్చింది! 022 తర్వాత 100 వచ్చింది. చాలా సంతోషంగా ఉంది. కానీ 222 తర్వాత ఆగడం లేదు. ఒకసారి 000 నుంచి మళ్లీ మొదలైంది, ఇంకోసారి ప్రోగ్రామే కూలిపోయింది. రెండు రకాలుగా ఎందుకు?

బగ్_వేట
222 దగ్గర మూడు గడులూ నిండే ఉన్నాయి. వైల్ మూడింటినీ 0 చేసి నాలుగో గడికి వెళ్లింది. అక్కడ నీ అర్రే లేదు. ఆ చోట మెమరీలో ఏముంటే దాన్ని చదివింది, ఏముంటుందన్నది మన చేతిలో లేదు. రెండు రకాలుగా కనిపించడానికి కారణం అదే. సీ హద్దులు చూడదు, మనమే చూసుకోవాలి.

స్థానం = 0
స్థానం < పొడవు మరియు అంకెలు[స్థానం] == బేస్ - 1 అయినంతసేపు:
    అంకెలు[స్థానం] = 0
    స్థానం = స్థానం + 1
స్థానం == పొడవు అయితే:
    ఆపు
అంకెలు[స్థానం] = అంకెలు[స్థానం] + 1

షరతులు రెండూ ఏ వరుసలో ఉన్నాయో గమనించు. "మరియు"కు సీలో ఎడమవైపు షరతు ముందు చూస్తుంది, అది తప్పైతే కుడివైపు జోలికే పోదు. వరుస మార్చి రాశావంటే, లేని గడిని చదివిన తర్వాత గానీ హద్దు గుర్తుకు రాదు.

ఇంకొకటి. ఆపడానికి విడిగా లెక్క పెట్టక్కర్లేదని ఇక్కడే తెలుస్తుంది. బేస్ ఘాతం పొడవు ఎంతో ముందే గుణించుకుని అన్నిసార్లు తిప్పే వాళ్లను చూశాను. బేస్ 10, అంకెలు 12 అంటే ఆ గుణకారమే ఇంట్‌లో (సీలో పూర్ణాంకాలు దాచే మామూలు టైప్‌లో) పట్టదు. క్యారీ చివరి గడి దాటిందంటే సంఖ్యలు అయిపోయినట్టే. మీటర్ తనంతట తానే చెబుతుంది.

లెక్కల_టీచరు
ఇక్కడిదాకా చదివాను, బాగా సాగుతోంది. రెండో దారి కూడా చెప్పాలి, లేకపోతే సగమే తెలిసినట్టు.

పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు నేను మొదట ఒక మాట పదేపదే అంటాను: సంఖ్యకు బేస్ ఉండదు, సంఖ్య రాతకే బేస్ ఉంటుంది. బల్ల మీద కొన్ని గింజలు పోసి ఉన్నాయనుకోండి. వాటిని పదేసి కుప్పలు పెడితే 5 కుప్పలు, 9 విడి గింజలు. 59 అని రాస్తాం. అవే గింజలను మూడేసి పెడితే, ఆ మూడ్లను మళ్లీ మూడేసి కట్టలు కడుతూ పోతే 2012 అని రాస్తాం. గింజ ఒక్కటి కూడా పెరగలేదు, తరగలేదు.

కుప్పలు పెట్టడమంటే భాగించడం. విడిగా మిగిలినవి శేషం. 59ని 3తో భాగిస్తే భాగఫలం 19, శేషం 2. 19ని భాగిస్తే 6, శేషం 1. 6ని భాగిస్తే 2, శేషం 0. 2ని భాగిస్తే 0, శేషం 2. శేషాలు వచ్చిన వరుస 2, 1, 0, 2. మొదట వచ్చింది ఒకట్ల అంకె కాబట్టి వెనక నుంచి చదవాలి: 2012.

తిరిగి రావడం ఇంకా తేలిక. ఎడమ నుంచి ఒక్కో అంకె తీసుకుంటూ "ఇప్పటిదాకా వచ్చినదాన్ని బేస్‌తో గుణించు, కొత్త అంకె కలుపు" అంటే చాలు. 2, తర్వాత 2×3+0=6, తర్వాత 6×3+1=19, తర్వాత 19×3+2=59. పైన భాగహారంలో వచ్చిన 19, 6, 2 ఇక్కడ వెనక్కి నడుస్తూ కనిపిస్తాయి. ఎక్కడా ఘాతాలు విడిగా లెక్కకట్టలేదు.

కాబట్టి మీ లెక్కకు దారులు రెండు. మీటర్ పద్ధతిలో ముందు సంఖ్య నుంచి తర్వాతి సంఖ్యకు నడుస్తాం. భాగహారం పద్ధతిలో ఎన్నో సంఖ్య కావాలో చెబితే, ముందున్నవాటితో పని లేకుండా దాన్ని నేరుగా తీస్తాం. వరుసగా అన్నీ కావాలంటే మొదటిది. పదిలక్షలవ సంఖ్య ఒక్కటే కావాలంటే రెండోది.

కొత్త_అడుగు
టీచరు గారూ, గింజల ఉదాహరణతో శేషం ఎందుకు తీస్తున్నామో మొదటిసారి అర్థమైంది. ఇన్నాళ్లూ సూత్రంలా గుర్తుపెట్టుకున్నాను.

రెండో దారి కూడా రాసి చూశాను. వెనక నుంచి చదివే పని లేకుండా, ఒక ఇంట్ వేరియబుల్‌లోనే జవాబు కట్టాను. మొదటి శేషాన్ని 1తో, రెండోదాన్ని 10తో, మూడోదాన్ని 100తో గుణించి కలుపుతూ పోయాను. బేస్ 2లో 5కి 101 వచ్చింది. 1023కి 1111111111 వచ్చింది, సరైనదే. 1024కి మాత్రం 1410065408 వస్తోంది. బేస్ 2లో 4, 5, 6, 8 ఎలా వస్తాయి?

శేషం_ఎంత
టీచరు గారు చెప్పిన మాటే ఇక్కడ వర్తిస్తుంది. 101 అని మీరు కట్టింది ఐదు కాదు, నూట ఒకటి. చూడటానికి బైనరీలా ఉన్న దశాంశ సంఖ్యను తయారు చేశారు. రాతను తీసుకెళ్లి సంఖ్య ఉండాల్సిన చోట పెట్టారు.

చిన్నవాటికి తేడా తెలియదు. 1024కి బైనరీలో 11 అంకెలు కావాలి, అంటే మీ వేరియబుల్‌లో వెయ్యి కోట్లు పట్టాలి. నాలుగు బైట్ల ఇంట్‌లో 2147483647 దాకానే చోటు. వెయ్యి కోట్లలోంచి 4294967296ను రెండుసార్లు తీసేస్తే మిగిలేది 1410065408. మీకు వచ్చింది అదే. నిజానికి ఇంట్ పొంగినప్పుడు ఏం జరగాలో సీ హామీ ఇవ్వదు, ఎక్కువ చోట్ల ఇలా కనిపిస్తుంది, అంతే.

పెద్ద టైప్ వాడితే తప్పు ఇంకొంచెం దూరం జరుగుతుంది తప్ప పోదు. శేషాలను అర్రేలో గానీ అక్షరాల స్ట్రింగ్‌లో గానీ దాచండి. రాత ఉండాల్సిన చోటు అది.

పైథాన్_పక్షం
పైథాన్‌లో బైనరీ, ఆక్టల్, హెక్సాలకు రెడీమేడ్ ఫంక్షన్లు ఉన్నాయి. స్ట్రింగ్‌నుంచి సంఖ్యకు రావడానికి ఇంట్ ఫంక్షన్‌కు బేస్ కూడా ఇవ్వొచ్చు, 2 నుంచి 36 దాకా. 36 ఎందుకంటే అంకెలు 10, ఇంగ్లిష్ అక్షరాలు 26. జావాస్క్రిప్ట్‌లోనూ అదే హద్దు.

అయినా చేత్తో ఒకసారి రాసి తీరాలి. రాసేటప్పుడు నన్ను ఇబ్బంది పెట్టినవి రెండు చెబుతాను.

సున్నా. "సంఖ్య 0 కంటే పెద్దదైనంతసేపు" అని లూప్ రాస్తే 0కి లూప్ ఒక్కసారి కూడా తిరగదు. ఖాళీ లైన్ ప్రింట్ అవుతుంది. ఒకసారి చేసిన తర్వాతే షరతు చూసే లూప్ కావాలి. సీలో అయితే డూ వైల్ సరిగ్గా సరిపోతుంది.

రుణ సంఖ్యలు. పైథాన్‌లో పూర్ణాంక భాగహారం కిందికి దిగుతుంది, అంటే -1ని 2తో భాగిస్తే -1 వస్తుంది. "సంఖ్య 0 కానంతసేపు" అని రాసిన లూప్ -1 దగ్గరకొచ్చి అక్కడే ఎప్పటికీ తిరుగుతుంటుంది. సీలో భాగహారం సున్నా వైపు వెళ్తుంది, లూప్ ఆగుతుంది కానీ శేషాలే రుణం అవుతాయి. -5కి శేషాలు -1, 0, -1. ప్రింట్ చేస్తే -10-1 అని అర్థం లేని రాత వస్తుంది. రెండు భాషల్లోనూ మందు ఒక్కటే: గుర్తు పక్కన పెట్టి, ధన సంఖ్యను మార్చి, చివర్లో గుర్తు తగిలించాలి.

బగ్_వేట
దానికి ఒక్క మినహాయింపు చేరుస్తాను. సీలో నాలుగు బైట్ల ఇంట్‌లో అతి చిన్న సంఖ్య -2147483648. దాని గుర్తు తీసేస్తే 2147483648, అది ఇంట్‌లో పట్టదు. ముందు పెద్ద టైప్‌లోకి మార్చి ఆ తర్వాత గుర్తు తీయాలి.

యూజర్ ఇచ్చిన బేస్‌ను కూడా ముందే చూసుకో తమ్ముడూ. బేస్ 1 ఇస్తే భాగఫలం తగ్గనే తగ్గదు, లూప్ ఆగదు. 0 ఇస్తే సున్నాతో భాగించినట్టు. 2 కంటే తక్కువైతే మళ్లీ అడుగు.

వేగం_ముఖ్యం
నాకొక సందేహం. మీటర్ పద్ధతిలో లూప్ లోపల లూప్ ఉంది. ఒక్కోసారి అన్ని గడులూ మార్చాలి. సంఖ్యలు లక్షల్లో ఉంటే భాగహారమే మేలు కదా?

లెక్కల_టీచరు
అలా అనిపించడం సహజం. లెక్కపెట్టి చూద్దాం. దశాంశంలో 0 నుంచి 999 దాకా.

మీటర్‌లో ఒకట్ల గడి 999 సార్లు మారుతుంది. పదుల గడి 99 సార్లు. వందల గడి 9 సార్లు. మొత్తం 1107. అడుగుకు సగటున ఒకటి కంటే కాస్త ఎక్కువ, అంతే. అన్ని గడులూ ఒకేసారి మారే సందర్భం ఉంది, కానీ చాలా అరుదు. బైనరీ అన్నిటికంటే అధ్వాన్నం, అయినా అక్కడ కూడా సగటు 2 దాటదు. 0 నుంచి 16 దాకా 16 అడుగుల్లో గడులు మారేది 16+8+4+2+1, అంటే 31 సార్లు.

భాగహారంలో ప్రతి సంఖ్యనూ మొదటి నుంచి విడగొట్టాలి. ఒక అంకె సంఖ్యలు 10, రెండంకెలవి 90, మూడంకెలవి 900. భాగహారాలు 10 + 180 + 2700, మొత్తం 2890. పైగా ఒక భాగహారం కంటే ఒకటి కలపడం ప్రాసెసర్‌కు చాలా తేలిక. లూప్ లోపల లూప్ కనిపించగానే నెమ్మది అనుకోకూడదు, లోపలి లూప్ నిజంగా ఎన్నిసార్లు తిరుగుతుందో చూడాలి.

వేగం_ముఖ్యం
1107కు, 2890కి ఇంత తేడా ఉంటుందనుకోలేదు. ఒప్పుకుంటున్నాను. నేను ఇప్పుడే రెండూ రాసి నడిపాను. స్క్రీన్ మీద ప్రింట్ చేస్తే రెండింటికీ తేడా తెలియడం లేదు, సమయమంతా ప్రింట్‌కే పోతోంది. ప్రింట్ తీసేస్తే మీటర్ ముందుంది.

కొత్త_అడుగు
బేస్ 16 దగ్గర ఇంకో విచిత్రం. అంకెకు 48 కలిపి అక్షరంగా ప్రింట్ చేస్తున్నాను. 9 వరకు బాగుంది. 10కి ఏ (A) అక్షరం రావాల్సిన చోట రెండు చుక్కల గుర్తు వస్తోంది.

చిన్న_బ్రాకెట్
అక్షరాలకు నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో 0 నుంచి 9 దాకా కోడ్‌లు 48 నుంచి 57. 58 కోలన్. పెద్ద అక్షరం ఏ 65 దగ్గర మొదలవుతుంది. మధ్యలో ఏడు వేరే గుర్తులున్నాయి. కూడికతో కుస్తీ పట్టకుండా, 0 నుంచి 9 వరకు అంకెలు, ఆ వెంటనే ఏ నుంచి అక్షరాలు వరుసగా ఉన్న ఒక స్ట్రింగ్ పెట్టుకోండి. అంకె విలువ ఎంతో ఆ స్ట్రింగ్‌లో అన్నో గడిలోని అక్షరాన్ని తీయండి.

పట్టికల_పని
ఈ చర్చ చూశాక నా సమస్య కూడా అడగాలనిపించింది. ఎక్సెల్‌లో కాలమ్ నంబర్ ఇస్తే దాని పేరు రావాలి. 1కి ఏ, 26కి జెడ్, 27కి ఏఏ. బేస్ 26 అనుకుని శేషాలు తీస్తే 26 దగ్గరే తప్పుతోంది.

శేషం_ఎంత
అది మామూలు బేస్ 26 కాదండీ. అందులో సున్నా లేదు. ఏ సున్నా అయితే ఏఏ కూడా సున్నాయే కావాలి, కానీ అది 27. ఇక్కడ అంకెల విలువలు 1 నుంచి 26 వరకు.

ప్రతిసారీ భాగించే ముందు ఒకటి తీసేయండి. 28 తీసుకుంటే, ఒకటి తీస్తే 27. 26తో భాగిస్తే శేషం 1, అంటే బీ. భాగఫలం 1. మళ్లీ ఒకటి తీస్తే 0. శేషం 0, అంటే ఏ. భాగఫలం 0, ఆగాలి. వెనక నుంచి చదివితే ఏబీ. మీరు సరిచూసుకోవడానికి ఒకటి: ఎక్సెల్ చివరి కాలమ్ ఎక్స్ఎఫ్‌డీ. 24×676 + 6×26 + 4 అంటే 16384, రెండు ఘాతం 14.

పట్టికల_పని
ఒకటి తీసేయడమే మిగిలిందన్నమాట. 26కి జెడ్ వచ్చింది, 16384కు ఎక్స్ఎఫ్‌డీ వచ్చింది. చాలా థాంక్స్ అండీ.

ఛందోమిత్ర
నేను ప్రోగ్రామింగ్‌లో అంత లోతు ఎరగను, పద్యాలు రాస్తాను. బగ్_వేట గారు పైన ఇచ్చిన లూప్ చదువుతుంటే ఒళ్లు పులకరించింది. ఇది మా ప్రస్తారం.

ఛందస్సులో మూడక్షరాల గణాలు ఎనిమిది. యమాతారాజభానసలగం అని బడిలో అందరం వల్లె వేసినవే. వాటిని ఒకటీ తప్పకుండా వరుసగా రాసే పద్ధతిని ప్రస్తారం అంటారు. మొదటి వరుసలో అన్నీ గురువులు. తర్వాతి వరుస రావాలంటే, ఎడమ నుంచి చూస్తూ మొదట కనిపించిన గురువు కింద లఘువు పెట్టాలి. దానికి ఎడమవైపున్నవన్నీ గురువులు చేయాలి. కుడివైపున్నవి ఉన్నవి ఉన్నట్టు దించాలి. అన్నీ లఘువులైతే ప్రస్తారం ముగిసింది.

గురువును 0, లఘువును 1 అనుకోండి. "నిండిన గడులను 0 చేస్తూ వెళ్లు, నిండని మొదటి గడిలో ఒకటి కలుపు, గడులు అయిపోతే ఆపు." మాటకు మాట అదే కదా? ఈ ఎనిమిదీ ప్రస్తారంలో వచ్చే వరుస మ, య, ర, స, త, జ, భ, న.

లెక్కల_టీచరు
ఛందోమిత్ర గారూ, మీకు ఎంతో రుణపడ్డాం. ఇది పోలిక మాత్రమే కాదు, బేస్ 2లో లెక్కపెట్టడమే. ఐరోపాలో గణితవేత్త లైబ్నిజ్ బైనరీ మీద వ్యాసం 1703 నాటిది. ప్రస్తారాన్ని తన ఛందశ్శాస్త్రంలో చెప్పిన పింగళుడు అంతకు ఎన్నో శతాబ్దాల ముందువాడు.

మీరు చెప్పినదాని తోడుగా, పింగళుడే ఇచ్చిన నష్టం అనే పద్ధతి ఉంది. ప్రస్తారంలో ఒక వరుస చెరిగిపోయింది, ఎన్నో వరుసో మాత్రం తెలుసు. పై వరుసలేవీ రాయకుండా దాన్ని ఎలా తీయాలి? వరుస సంఖ్య సరి అయితే సగం చేసి లఘువు రాయి. బేసి అయితే ఒకటి కలిపి సగం చేసి గురువు రాయి. అక్షరాలు నిండేదాకా ఇలాగే.

6వ వరుస చూడండి. 6 సరి, లఘువు, సగం 3. 3 బేసి, గురువు, ఒకటి కలిపి సగం చేస్తే 2. 2 సరి, లఘువు. లఘువు గురువు లఘువు, అంటే జగణం. ఛందోమిత్ర గారి జాబితాలో ఆరోది జ.

ఇది మన భాగహారం లూప్. వరుసలు 0 నుంచి కాక 1 నుంచి లెక్కిస్తారు కాబట్టి ఆ "ఒకటి కలిపి" వచ్చింది. ఇందాక ఎక్సెల్ కాలమ్‌లో "ఒకటి తీసి" వచ్చింది కూడా లెక్క 1 నుంచి మొదలైనందువల్లే. లూప్ ఎప్పుడు ఆగుతుందో కూడా చూడండి. సంఖ్య సున్నా అయినప్పుడు కాదు, అక్షరాలు నిండినప్పుడు. కొత్త_అడుగు గారి ప్రశ్నలో ముందు సున్నాలతో సహా 000 కావాలని ఉంది, దానికి ఆగాల్సిన చోటు ఇదే.

ఛందోమిత్ర
నష్టం గురించి చదివాను కానీ శేషాలుగా ఎప్పుడూ చూడలేదు. మీటర్ పద్ధతి ప్రస్తారం, భాగహారం నష్టం. మరి ఇచ్చిన గణం ఎన్నో వరుసదో తెలుసుకునే ఉద్దిష్టం?

లెక్కల_టీచరు
అదే తిరుగుదారి. గుణించు, కలుపు. ఒకట్ల స్థానం ఎడమవైపు ఉంది కాబట్టి కుడి నుంచి మొదలుపెట్టాలి. జగణానికి 1, తర్వాత 1×2+0=2, తర్వాత 2×2+1=5. వరుసలు 1 నుంచి కాబట్టి ఒకటి కలిపితే 6.

కొత్త_అడుగు
నాకిప్పుడు ఒకటి తట్టింది. నా మొదటి కోడ్‌లో 0వ గడి నుంచే ప్రింట్ చేశాను, తిరగబడి వచ్చిందని బాధపడ్డాను. ప్రస్తారంలో కూడా ఎడమవైపే ముందు మారుతుంది. అందుకని ప్రింట్ లూప్‌ను మళ్లీ పాత పద్ధతికి మార్చాను. బేస్ 2, అంకెలు 3 ఇచ్చి, 0 వస్తే గు, 1 వస్తే ల అని ప్రింట్ చేయించాను. క్యారీ లూప్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

గు గు గు
ల గు గు
గు ల గు
ల ల గు
గు గు ల
ల గు ల
గు ల ల
ల ల ల

ఛందోమిత్ర గారూ, ఒకసారి సరిచూస్తారా?

ఛందోమిత్ర
మ, య, ర, స, త, జ, భ, న. ఒక్కటి కూడా తప్పలేదు.